ఆడబిడ్డ వచ్చిన ఇల్లు

జొన్నపిండికి ఓపిక లేదు. గోధుమపిండిని కలిపి, తడిగుడ్డ కప్పి, నలుగురితో నాలుగు మాటలాడి వచ్చి కూడా చపాతీలు వత్తుకోవచ్చు. జొన్నపిండిలో మరిగే ఎసరు పోసి, చెయ్యి కాలుతుండగానే కలిపి, జిగురు వచ్చేదాకా అరచేతితో మెదిపి, ఒక్కొక్క ముద్దనూ అప్పటికప్పుడు తట్టి పెనం మీద వేయాలి. ఆలస్యమైతే అంచులు పగులుతాయి. పెనం దిగిన రొట్టెనూ అప్పుడే తినాలి. ఆగితే అట్టముక్క అవుతుంది. అందువల్ల రొట్టెలు తినే ఇంట్లో తినేవాళ్ళందరూ ఒక పక్క, తట్టే మనిషి ఒక్కతే ఒక పక్క. ఇది రొట్టె స్వభావం వల్ల వచ్చిన ఏర్పాటు అని ఇళ్ళలో చెప్పుకుంటారు. రొట్టెకు ఆ స్వభావం ఉన్న మాట నిజమే. ఏడాది పొడుగునా ఒకే మనిషి తట్టాలన్న నియమం మాత్రం రొట్టె పెట్టింది కాదు.

ఎమ్మిగనూరులో బసన్న ఇంట ఆ మనిషి అతని భార్య నాగవేణి.

రోహిణి కార్తె. వంటింటి మీది రేకులు పొద్దెక్కకముందే కాలడం మొదలుపెట్టాయి. మధ్యాహ్నం భోజనాల వేళ నాగవేణి పొయ్యి ముందు కూర్చుని, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్యకు దోపుకుని, కొయ్యపలక మీద పొడిపిండి చల్లి ముద్దను తడుతోంది. కుడిచెయ్యి తడుతుంటే ఎడమచెయ్యి అంచును తిప్పుతుంది. ముద్ద గుండ్రంగా, పలచగా సాగుతూ పలకంత అవుతుంది. రెండు అరచేతుల మీదికి ఎత్తి పెనం మీద పరిచి, తడిబట్టతో పైన ఒకసారి తుడిచి, తిరగేసి, నిప్పుల దగ్గర నిలబెడితే పొంగుతుంది. పొంగిన రొట్టెను గడప దగ్గరికి తోస్తే అక్కడినుంచి ఎవరో ఒకరు అందుకుంటారు. ఆమె లేవనక్కర లేదు. లేవడానికి వీలూ లేదు.

గడపకు అవతల పెద్ద ఆడబిడ్డ రూప, ఆమె పిల్లలిద్దరు, నాగవేణి పిల్లలు మంజుల, ఈరేశు వరసగా కూర్చుని తింటున్నారు. బెంగుళూరులో బడులకు సెలవులిచ్చిన మర్నాడే రూప పిల్లలతో పుట్టింటికి వస్తుంది. బడులు తెరిచే ముందురోజు వెళుతుంది. అది ఆ ఇంటి ఆచారం. అత్త లింగమ్మ గడప పక్కన పీట వేసుకుని, మనవల పల్లేలు చూస్తూ, ఏ పల్లెం ఖాళీ అయితే దానికి లోపలికి కేక వేస్తోంది.

"మా బెంగుళూరులో జొన్నరొట్టెల హోటళ్ళు గల్లీకొకటి ఉండాయమ్మా," అన్నది రూప, గురెల్ల కారంపొడిలో వెన్న కలుపుకుంటూ. "ఒక్కటీ నీ చేతి రొట్టె మాదిరి రాదు. ఏడాదంతా ఈ రొట్టె కోసమే కాసుకోనుంటాం."

"యాడొస్తాదిమ్మే? నేర్సుకుంటే వచ్చేదా? చేతిలో ఉండాల," అన్నది లింగమ్మ.

వంటింట్లో తట్టే చప్పుడు ఆగలేదు.

లింగమ్మ చేతి రొట్టె ఒకప్పుడు నిజంగానే ఆ వీధిలో పేరున్న రొట్టె. వాకిట్లో జారిపడి కుడి మణికట్టు విరిగి, అది వంకరగా అతుక్కున్న నాటినుంచి ఆమె చెంబెడు నీళ్ళు కూడా ఎడమచేత్తోనే ఎత్తుతుంది. ఇంట్లో చెయ్యి మారింది గాని మాట మారలేదు. పుండికూర పప్పులో గోంగూర పులుపు సరిపడినా, ఉగ్గానిలో బొరుగులు మెత్తబడకుండా పొడిపొడిగా వచ్చినా, ఓళిగ పూర్ణం బయటికి రాకుండా అంచుదాకా పరుచుకున్నా అది అవ్వ చేతి మహిమ. పెళ్ళినాటికి నాగవేణికి ఇవన్నీ రావనీ, అత్తే నేర్పిందనీ, అందువల్ల అవి అత్తవేననీ ఒక తర్కం ఉంది. చదువు చెప్పిన పంతులు పరీక్ష కూడా తానే రాశాడన్నట్టు ఉంటుంది ఆ తర్కం.

పిల్లలు తినడం అయ్యాక లింగమ్మ నీళ్ళలో నానేసిన మామిడిపండ్ల బకెట్టు ముందుకు లాగింది. రూప కొడుకు తేజూ, మంజులా ఒకే పండు మీద చెయ్యి వేశారు.

"అది నాది. ఫస్టు నేను పట్టుకున్నా," అన్నాడు తేజు.

"నేను పొద్దున్నే దాన్ని పక్కన పెట్టుకున్నా," అన్నది మంజుల.

"ఇది మా అవ్వ ఇల్లు. నీకు కావాలంటే మీ అవ్వ ఇంటికి పో."

"నాకూ అవ్వే కదా!"

"నీకు కాదు. మా అమ్మకు అమ్మ కాబట్టి ఇది మా ఇల్లు. మీ అమ్మకు అమ్మ ఉంటుంది కదా, నువ్వు అక్కడికి పోవాలి. సెలవుల్లో అందరూ అట్లే పోతారు. నువ్వెందుకు పోవు?"

రూప నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "సూడమ్మా, ఎట్ల మాట్లాడతాడో! లాయరయితాడు వీడు."

లింగమ్మకు నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పండు తీసి తేజు చేతిలో పెట్టింది. "వాడు నాలుగు దినాలుండి పోయేటోడు. నువ్వు ఈడనే ఉంటావు కదమ్మే, రేపు తిందువులే," అన్నది మంజులతో.

మంజుల ఏడవలేదు. చేతులు గౌనుకు తుడుచుకుని గడప దాటి తల్లి పక్కకు వచ్చి నిలబడింది. పదేళ్ళ పిల్ల. అడిగిన ప్రశ్నకు జవాబు కావాలనుకునే వయసు.

"అమ్మా, మనకు మీ ఊర్లో ఇంగో అవ్వ ఉంది కదా? మనమెందుకు పోము?"

నాగవేణి చెయ్యి పలక మీద ఆగింది. ఆ అవ్వ, తన తల్లి తిప్పమ్మ, నిన్ననే ఫోను చేసింది. శెనగబేడలూ బెల్లమూ తెచ్చిపెట్టాననీ, పిల్లలు వస్తేనే ఓళిగల మాట అనీ చెప్పింది. ప్రతి ఎండాకాలం తెచ్చిపెడుతుంది. ప్రతి వానాకాలం ఆ బేడలు పప్పులోకి పోతాయి. ఎందుకు పోమన్న దానికి ఇంట్లో ఉన్న జవాబు ఒక్కటే: మేనత్త వచ్చింది కాబట్టి. పిల్లకు ఆ జవాబు చెప్పబోయి నాగవేణి చెప్పలేకపోయింది. తిరగేయని రొట్టె పెనం మీద నల్లగా మాడింది. ఆమె చేతి కింద రొట్టె మాడడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. దాన్ని గీకి తీసి, తన పల్లెంలో వేసుకుంది.

సాయంత్రం బసన్న ఆదోని నుంచి వచ్చాడు. అక్కడొక జిన్నింగు మిల్లులో ఫిట్టరు. దూది దుమ్ము కనుబొమల్లో పట్టుకుని ఉంది. నాగవేణి తొట్టి దగ్గర అతని చేతుల మీద నీళ్ళు పోస్తూనే చెప్పింది.

"రేపు పొద్దున్నే పిల్లోళ్ళను పిలుచుకోని మా ఊరికి పోతాండా."

"అక్కోళ్ళు పోయినంక పో. నేనేమన్నా వద్దంటినా?"

"మీ అక్క పోయేది ఇస్కూలు తెరిసే ముందు దినం. మర్నాడు మంజులకూ ఇస్కూలే."

"ఒక శనివారం పోయి ఆదివారం రాగూడదా?"

"శనివారం పోయి ఆదివారం వచ్చేకి అది అమ్మ ఇల్లా, తాసిల్దారు ఆఫీసా?"

బసన్న చెడ్డవాడు కాదు. ఎవరినీ నొప్పించకుండా బతకాలనుకునే మనిషి. అటువంటి మనుషులున్న ఇంట్లో నొప్పి ఎక్కడికీ పోదు. అడగడం చేతకాని వాళ్ళ వాటాకు వచ్చి చేరుతుంది. అతడు తువాలుతో ముఖం తుడుచుకుంటూ మంచం మీది తల్లి వైపు చూశాడు.

"ఏందంట?" అన్నది లింగమ్మ.

"ఊరికి పోతాదంట."

"ఇప్పుడా? ఆడబిడ్డ ఇంట్లో ఉండంగా కోడలు పుట్టినింటికి పోతే ఊరేమంటాది? మాకు కొట్లాటలని కాదా?"

"నేనూ ఒక ఇంటికి ఆడబిడ్డనే కదత్తా," అన్నది నాగవేణి.

"ఆ ఇంట్లో."

"అదే. ఆ ఇంటికే పోతానంటాండా."

రూప జడ అల్లుకోవడం ఆపింది. "నన్ను సూసి అంటాండావా నాగవేణీ? నేనొచ్చింది బరువైతే సెప్పు. రేపే బండెక్కుతా. అమ్మ ఉన్నన్నాళ్ళే కదా ఈ ఇల్లు నాకు."

ఇది పాత ఆయుధం. దీన్ని తీయగానే ఎదుటి మనిషి కాళ్ళమీద పడాలి. గడచిన ఎండాకాలాల్లో నాగవేణి పడింది కూడా. ఈసారి బకెట్టు కింద పెట్టి, తడి చేతులు కొంగుకు నిదానంగా తుడుచుకుంది.

"నువ్వుండు వదినా. ఇది నీ పుట్టినిల్లు. నువ్వు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళుండాల. నా పుట్టినింటికి నేను పోతా. నీకు న్యాయమైంది నాకు అన్యాయమెట్లయితాది?"

"పో, ఎవరొద్దన్నారు? మరి ఈడ వంట? పిల్లోళ్ళు రొట్టె లేకుంటే తినరు."

"అత్త ఉంది కద వదినా."

నాగవేణి ఖాళీ బకెట్టును తొట్టి పక్కకు జరిపింది.

"ఇన్నాళ్ళూ మీరు తిన్నది అత్త చేతి రొట్టే కదా. మధ్యాన్నం కూడా అదే అంటివి. ఆ చెయ్యి ఈడనే ఉంటాది. నేనేం మూట కట్టుకోని పోను."

దానికి జవాబు చెప్పాలంటే ముందు ఒక నిజాన్ని ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి అక్కడ ఎవరూ సిద్ధంగా లేరు. రూప జడ కొసను చూసుకుంది. బసన్న తువాలు దులిపాడు. లింగమ్మ మాత్రం వంకర తిరిగిన కుడిచేతిని మెల్లగా కొంగు కిందికి లాక్కుంది. నాగవేణి అది చూసింది. మనసు చివుక్కుమంది. అయినా అన్నమాట వెనక్కు తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసి, అందరికీ మూతపెట్టి, పిల్లల బట్టలు సంచిలో కుక్కి, తల్లికి ఫోను చేసి బయల్దేరింది. లింగమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. బసన్న బస్టాండుదాకా వచ్చాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "ఎండకు పిల్లోళ్ళు జాగ్రత్త" అన్నాడు.

పక్క సీటులో ఉరుకుంద ఈరన్న స్వామి మొక్కు తీర్చుకుని వస్తున్న ముసలమ్మ ఒకతె అడిగింది. "యాడికమ్మా?"

"పుట్టినింటికి," అన్నది నాగవేణి. ఆ మాట నోట్లో కొత్తగా ఉంది.

ఆదోనిలో బస్సు మారారు. హొళగుంద బస్సు ఎంతకూ రాలేదు. పిల్లలు చెరకురసం తాగి, గుండ్ల కొండల మీద దూరంగా కనిపించే కోట గోడలను చూపించుకుంటూ తగవులాడుకున్నారు. నాగవేణికి దాహం కూడా తెలియలేదు. ఆమె తలలో ఒక్కటే ఉంది: తాను వెళ్ళి కూర్చోవడం. పీట మీద కూర్చోవడం, ఎవరో పల్లెం పెట్టడం, లేవకపోవడం.

దేవరగట్టు కొండ కనిపించే మలుపులో బస్సు దిగేసరికి తమ్ముడు రామాంజి మోటారుసైకిలుతో కాచుకుని ఉన్నాడు. సంచిని ముందు పెట్టుకుని, ముగ్గురినీ ఎక్కించుకుని, ఊళ్ళోదాకా హారను మోగిస్తూనే పోయాడు. "మా అక్కొచ్చింది," అని దారిలో కనిపించిన వాళ్ళందరికీ కేకేసి చెప్పాడు. తిప్పమ్మ వాకిట్లోనే ఉంది. మనవరాలి బుగ్గలు రెండు చేతులా పట్టుకుని, మెటికలు విరిచి, ఏడ్చి, ఏడుస్తూనే నవ్వింది.

రామాంజి భార్య మహేశ్వరి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "బాగుండావా వదినా," అని సంచి అందుకుని, ఈరేశు తల నిమిరి, లోపలికి పోయింది. ఆమె కట్టుకున్నది ఇంట్లో కట్టే చీర కాదు. పండగ పూట పెట్టె తీసి కట్టుకునేది. తన రాకకు మరదలు అంత సింగారించుకుందని నాగవేణికి ముచ్చట వేసింది.

"కూసో, కూసో. ఇంటి ఆడబిడ్డవు, ఏదీ ముట్టొద్దు," అని తిప్పమ్మ కూతురిని పీట మీద కూర్చోబెట్టింది. పిల్లలు అటూ ఇటూ కూర్చున్నారు. రామాంజి ఎదురుగా కూర్చున్నాడు. పుండికూర పప్పు, గురెల్ల కారం, చితకగొట్టిన ఉల్లిగడ్డ, గిన్నెలో వెన్న. పెనం మీంచి దిగిన రొట్టె పొంగిపొంగే ఆమె పల్లెంలోకి వచ్చింది. వేలితో పైపొర నొక్కింది. ఉస్సుమని ఆవిరి లేచి చెయ్యి చురుక్కుమంది. ఎన్నో వేల రొట్టెలను పొంగించి గడప అవతలికి తోసిన మనిషి, ఆ ఆవిరి తన పల్లెంలో లేస్తే ఎలా ఉంటుందో మరచిపోయింది. వెన్న వేస్తే కరిగి పొరలోకి జారింది. తుంచి నోట్లో పెట్టుకుంది. అంచు కరకరలాడింది, నడుమ మెత్తగా ఉంది, జొన్న తీపి నాలుక వెనక్కు వెళ్ళింది. ఆమె కళ్ళు మూసుకుంది.

"అమ్మా, నీ చేతి రొట్టె తిని ఎన్నేండ్లాయె," అన్నది.

"తినుమ్మా. ఎంత సిక్కిపోయినావు! పని సేపిచ్చి సేపిచ్చి సంపుతాండాది ఆయమ్మ నా బిడ్డను," అన్నది తిప్పమ్మ. ఆమె కూతురి పక్కనే కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతోంది. తిరిగి చూసి లోపలికి కేక వేసింది. "మహేశ్వరీ! ఇంగోటి తే. పొంగింది తే, వదిన పల్లెం కాళీ అయ్యింది."

పక్కింటి గంగమ్మ గడపలో నిలబడి లోపలికి తొంగి చూసింది. "నాగవేణి వచ్చిందంటనే! బాగుండావా తల్లీ?" అన్నది. తరువాత వంటింటి వైపు గొంతు పెంచింది. "ఏమ్మే మహేశ్వరీ, పొద్దున బస్సుకు మీ అమ్మోళ్ళింటికి జొన్నగిరికి పోతానంటివే? ఎర్రసీర కట్టుకోని సంచి సర్దుకోనుంటివి?"

"యాడికి పోతాది?" అన్నది తిప్పమ్మ. ఆ గొంతులో గర్వం ఉంది. "ఆడబిడ్డ వచ్చింటే కోడలు యాడికి పోతాది? పొద్దున్నే ఫోను రాంగానే సెప్పినా, సంచి విప్పు అని."

"పోనీలే పాపం. సెల్లెలు కాన్పు అయ్యి బిడ్డను తీసుకోని ఎల్లుండి మొగుని ఊరికి పోతాదంట కదా. సూసొస్తాననె."

"బిడ్డ యాడికి పోతాది? ఇంగో ఎండాకాలం సూస్తాదిలే."

లోపల తట్టే చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

నాగవేణి నోట్లో రొట్టె ఉంది. తల్లి చెయ్యి వీపు మీద ఉంది, విసనకర్ర పక్కన ఉంది. చప్పుడు మాత్రం వంటింట్లోంచి వస్తోంది. ఈ మూడూ ఇంతసేపూ ఆమె ముందే ఉన్నాయి. లోపల ఉన్నది ఎవరో ఆమెకు తెలియకపోలేదు. నీళ్ళిచ్చిన మనిషిని చూసింది, చీర కూడా చూసింది. అయినా రొట్టెను మెచ్చుకోవలసి వచ్చినప్పుడు, ఎమ్మిగనూరులో రూప నోటికి వచ్చిన మాటే తన నోటికీ వచ్చింది. ఆలోచించి అన్నది కాదు. ఆలోచించనక్కర లేకుండా అందరి నోళ్ళలోనూ సిద్ధంగా ఉండే మాట అది.

"రామాంజీ, మహేశ్వరిని పోనీయలేదేం?" అని అడిగింది.

"పోతాదిలే అక్కా, నువ్వు పోయినంక. నేనేమన్నా వద్దంటినా?" రామాంజి రొట్టె మడిచి పప్పులో ముంచాడు.

"అది తిన్నదా?"

"అందరూ తిన్నంక తింటాదిలే. నీకు తెలీందేముంది?"

నిజమే. తెలియనిదేమీ లేదు. నాగవేణి పల్లెంలోనే చెయ్యి కడుక్కుని లేచింది. "అయ్యో, సగంలో లేస్తావేమ్మా," అని తల్లి అంటున్నా వినకుండా వంటింట్లోకి వెళ్ళింది.

మహేశ్వరి ఎర్రచీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య దోపుకుని పొయ్యి ముందు కూర్చుని ఉంది. చీర అంచు పిండి పట్టి తెల్లబడింది. తలెత్తి చూసింది. ముఖంలో కోపం లేదు, చనువూ లేదు. మూసిన తలుపులా మర్యాదగా ఉంది.

"ఇట్లివ్వు, నేను తడతా," అన్నది నాగవేణి.

"వద్దు వదినా. పోయి కూసో."

"నేను రాకుంటే బాగుండెనేమో మహేశ్వరీ."

"రాకుండా ఎట్లుంటావు? నీ ఇల్లు." ముద్దను తిప్పుతూనే గొంతు తగ్గించి చెప్పింది. "నువ్వు లేసి వచ్చినావని అత్త ఇంగ నన్నంటాది. నేను మొగం మాడ్సుకున్నానంటాది. నీ పుణ్యముంటాది, పోయి కూసో వదినా."

నాగవేణికి అప్పుడు పూర్తిగా అర్థమైంది. తాను కూర్చుని తింటే అది మహేశ్వరికి చాకిరీ. లేచి సాయం చేస్తే మహేశ్వరికి నింద. పోనీ ఇప్పుడే తిరిగి బస్సెక్కి వెళ్ళిపోతే, కోడలే ఆడబిడ్డను తరిమిందన్న పేరు. ఆడబిడ్డ ఏం చేసినా ఖర్చు కోడలి పేరు మీదే పడేటట్టు ఎవరో ఎంతో తెలివిగా కట్టిన ఇల్లు ఇది. ఎమ్మిగనూరులో తాను లోపలినుంచి చూసిన ఇల్లూ ఇదే. గడప అవతల నుంచి చూస్తే ఇంత చల్లగా, ఇంత కమ్మగా ఉంటుందని తెలియదు, అంతే.

వంగి పిండిపల్లెం పక్కకు జరిపింది. "ఇంగ తట్టొద్దు. తిన్నది సాలు అందరికీ. ఉన్నవాటిలో నువ్వు తిను."

బయటికి వచ్చి, నిలబడే చెప్పింది. "అమ్మా, రేపు పొద్దున బస్సుకు మహేశ్వరి జొన్నగిరికి పోతాది."

"ఏం మాటమ్మా అది? నువ్వొచ్చినప్పుడా? నిన్ను పొయ్యి కాడ కూసోబెట్టి కోడల్ని ఊరికి పంపిచ్చినానని ఊర్లో నా మొకాన ఉమ్మరా?"

"నేను పొయ్యి కాడ కూసోను."

"మరి? నిన్ను రాణి మాదిరి సూసుకోవాలనే కదా దాన్ని నిలబెట్టింది!"

"మా అత్త కూడా రూప వదినను రాణి మాదిరే సూసుకుంటాదమ్మా. దానికి నేను కావాల." ఆమె గొంతు పెంచలేదు. "ఇందాక నువ్వు తిట్టింది ఆయమ్మనే కదా? నీ మాదిరే ఆయమ్మ కూడా తన బిడ్డ మీద పాణం పెట్టుకున్న మనిషే."

తిప్పమ్మ విసనకర్ర ఆగిపోయింది. కూతురు తనను ఎవరి పక్కన నిలబెట్టిందో ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కొంగు నోటికి పెట్టుకుంది. కన్నబిడ్డ రాకరాక వచ్చి ఇంత మాట అన్నదని వాకిట్లోకి పోయి వేపచెట్టు కింద కూర్చుంది. గంగమ్మ ఎప్పుడో జారుకుంది. ఊరికి చెప్పవలసింది ఆమెకు దొరికింది.

పొద్దున బస్సు దగ్గరికి నాగవేణే తోడు వెళ్ళింది. మహేశ్వరి మళ్ళీ సర్దుకున్న సంచిని ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఎవరో వెనకనుంచి పిలుస్తారేమోనన్నట్టు ఊరి వైపు రెండుసార్లు చూసింది.

"అత్త నన్ను మళ్ళా రానిస్తాదా వదినా?"

"నీ ఇంటికి నిన్ను రానియ్యకపోయేకి అదేమన్నా సత్రమా? బిడ్డను బాగా ఎత్తుకో పో."

మహేశ్వరి నవ్వింది. వచ్చినప్పటినుంచి నాగవేణి చూసిన మొదటి నవ్వు అది.

తిరిగి వస్తుంటే బసన్న ఫోను చేశాడు. "రాత్రి హోటల్లో పరోటాలు తెచ్చినా. అమ్మ తినకుండా అలిగి పండుకుంది. అక్క రేపు పోతానంటాది. తేజు రొట్టె రొట్టె అని ఏడుస్తాండాడు. ఎప్పుడొస్తావు?"

"ఇస్కూలు తెరిసే ముందు దినం వస్తా," అన్నది నాగవేణి. వెళ్ళాక ఏమి కాచుకుని ఉంటుందో ఆమెకు తెలుసు. అయినా తేదీ మార్చలేదు.

మధ్యాహ్నం రామాంజి చేనినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అలవాటుగా పీట వాల్చుకుని కూర్చున్నాడు. నాగవేణి నడవలో గోడకు ఆనుకుని మంజులకు తల దువ్వుతోంది. తిప్పమ్మ కొంచెం దూరంగా, అలక పూర్తిగా తీరకపోయినా కూతురి కంటికి కనిపించేంత దగ్గరగా కూర్చుని ఉంది. వంటింట్లోంచి ఏ వాసనా రావడం లేదు.

"అక్కా, ఆకలైతాంది."

"మాకూ అయితాంది."

"రొట్టెలు సెయ్యలేదా?"

"సెయ్యలేదు. జొన్నపిండి డబ్బాలో ఉంది. పప్పు అమ్మ పొద్దున్నే ఉడకేసింది. పొయ్యి రాజేసి ఎసరు పెట్టు. ఎట్ల తట్టేది నేను ఈడినుంచి సెప్తా."

రామాంజి నవ్వాడు. తల్లి కూడా నవ్వుతుందేమోనని అటు చూశాడు. తిప్పమ్మ నేల చూస్తోంది. అక్క దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీస్తోంది. అతని నవ్వు మెల్లగా ముఖం మీదనే ఆరిపోయింది.

"మొగోడు రొట్టెలు తడితే ఊర్లో నవ్వరా?"

"దసరాకు దేవరగట్టు కాడ కట్టెలు పట్టుకోని ఒకరి తల ఒకరు పగలగొట్టుకుంటే ఎవరూ నవ్వరు. రొట్టె తడితే నవ్వుతారా? తలుపేసుకో."

మంజుల కిసుక్కుమంది. ఈరేశు అప్పటికే వంటింటి గడపలో చేరి వీధి వినేటట్టు అరిచాడు. "రామాంజి మామ రొట్టె తడతాండాడు! బిన్నా రాండి, సూడండి!"

రామాంజి లేచాడు. చాలాసేపు లోపల డబ్బాల చప్పుడు, పొగ, దగ్గు. ఎసరు మరిగింది. పిండిలో పోసి చెయ్యి పెట్టగానే "అబ్బా!" అని కేక వేశాడు.

"కాలుతాది. అట్లనే కలపాల," అన్నది నాగవేణి దువ్వుతూనే. "ఆరితే జిగురు రాదు. గట్టిగా మెదుపు."

కాసేపటికి పలక మీద చప్పుడు మొదలైంది. రెండు దెబ్బలు, ఒక విరామం, మళ్ళీ మూడు దెబ్బలు. ఆ ఇంట్లో అటువంటి చప్పుడు ఎవరూ వినలేదు. తిప్పమ్మ ముఖం నొప్పితో ముడుచుకుపోయింది. కొడుకు చేతులు కాలుతున్నాయి. కూతురు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తాను పెంచిన ఇద్దరూ ఆ పూట ఆమెకు తెలిసిన పిల్లల్లా లేరు.

"అమ్మా, పలుగుతాంది! ఎత్తంగానే మూడు తునకలైతాంది! నువ్వన్నా రా!" అని రామాంజి లోపలినుంచి పిలిచాడు.

తిప్పమ్మ నేలకు చెయ్యి ఆనించి లేవబోయింది. నాగవేణి దువ్వెన కింద పెట్టి, తల్లి చెయ్యి పట్టుకుంది. లాగలేదు, నొక్కలేదు; ఊరికే పట్టుకుంది. తిప్పమ్మ కూతురి ముఖంలోకి చూసింది, వంటింటి వైపు చూసింది, మళ్ళీ కూతురిని చూసింది. లేవబోయిన మోకాలు మెల్లగా నేలకు దిగింది.

"పలిగితే పలగనీ రామాంజీ," అన్నది నాగవేణి, తల్లి చెయ్యి వదలకుండా. "ఇంగోటి తట్టు."